మంచునేలపై విద్యార్థినులు

విద్యాలయపు సింహద్వారము తెరచుట వేరు. ఆ విద్యాలయములోని ప్రతి గది తలుపును తెరచుట వేరు. మొదటి కార్యము ఒక తీర్మానముతో ముగియును. రెండవదానికి తరములు పట్టును. కెనడా దేశమందలి టొరంటో విశ్వవిద్యాలయపు స్త్రీల హాకీ జట్టు చరిత్రము ఈ భేదమును చక్కగా తెలుపుచున్నది. ఆటల ముచ్చటయే గదా యని చదువరులు దీనిని త్రోసిపుచ్చరాదు. ఒక సమాజము తన ఆడుబిడ్డలకు నిజముగా ఏమి ఇచ్చినదో, ఏమి ఇచ్చినట్లు చెప్పుకొన్నదో, చదువుల గదిలోకంటె ఆటల చోటనే స్పష్టముగా కనబడును.

హాకీ యనగా మనకు పచ్చికనేలపై ఆడు ఆట తలపునకు వచ్చును. కెనడావారికి హాకీ యనగా మంచుపై ఆడునదే. పాదరక్షల అడుగున ఉక్కు అంచులు బిగించుకొని, గడ్డకట్టిన నీటిపై జారుచు, వంపు కఱ్ఱలతో గట్టి రబ్బరు బిళ్ళను ఎదుటివారి గోలులోనికి కొట్టుదురు. నేటి పద్ధతిని ఒక్కొక్క పక్షమున ఆరుగురు మంచుపై నుందురు. తొలుత చలికాలమున గడ్డకట్టిన చెఱువులపైననే ఆడిరి. పిమ్మట పట్టణములలో కప్పు గల మంచుశాలలు వెలసెను. అట్టి శాలను నిలుపుటకు ధనము చాల వ్యయమగును. దినమునకున్నవి ఇరువదినాలుగు గంటలే. ఆ గంటలు ఎవరికి ఎన్ని యనునదే ఈ కథయంతటికిని కీలకము.

ఈ క్రీడయందు స్త్రీలు మొదటినుండియు నున్నారు. పురుషుల విజయచిహ్నముగా 1892లో వెండిపాత్ర నొసగిన గవర్నరు జనరల్ లార్డు స్టాన్లీ కుమార్తె ఇసొబెల్, 1890 ప్రాంతమున ఒట్టావాలోని ప్రభుత్వభవనపు మంచుపై చెలులతో హాకీ ఆడినట్లు ఛాయాచిత్రమే సాక్ష్యమిచ్చుచున్నది. నాటి స్త్రీలు పాదముల దాక వ్రేలాడు లంగాలతోనే ఆడిరి. గోలు కాచు బాలిక మంచుపై ఒదిగి కూర్చుండి, ఆ లంగానే అడ్డుగోడగా పఱచి బిళ్ళను ఆపెడిదని చెప్పుదురు. సిగ్గు నిలుపుటకు విధించిన వస్త్రము గోలు నిలుపుటకు ఉపకరించుట వింతయే!

టొరంటో విశ్వవిద్యాలయము 1884లో స్త్రీలను విద్యార్థినులుగా చేర్చుకొనెను. 1920ల నాటికి అచ్చటి విద్యార్థినులు కింగ్‌స్టన్ పట్టణపు క్వీన్స్, మాంట్రియల్ పట్టణపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయముల విద్యార్థినులతో పందెములాడుచుండిరి. 1927లో క్వీన్స్ జట్టు గోలు కాచిన ఎలిజబెత్ గ్రాహమ్ కత్తిసాములో ధరించు ముఖకవచమును ధరించి ఆడెను. పురుషుల వృత్తిహాకీలో ముఖకవచము స్థిరపడినది 1959 తరువాతనే. విద్యార్థిని చూపిన వివేకమును అందుకొనుటకు వీరపురుషులకు ముప్పదియేండ్లకు పైగా పట్టెను.

ఆ కాలమున పరుగులు, ఢీకొనుటలు స్త్రీశరీరమునకు చెఱుపని, మాతృత్వమునకే హానియని శంకించిన వైద్యులు కలరు. ఈ శంకకు వాదముతో గాక జీవితముతో బదులిచ్చిన యామె మేరియన్ హిల్లియర్డ్. టొరంటో విద్యార్థినుల జట్టులో మేటి క్రీడాకారిణియై, 1927లో వైద్యపట్టము పొంది, అదే నగరమున స్త్రీల కళాశాల ఆసుపత్రిలో 1947 మొదలు పదేండ్లు ప్రసూతి, స్త్రీరోగ విభాగమునకు అధ్యక్షురాలై యుండెను. హాకీ మాతృత్వమునకు శత్రువన్నవారి నగరములోనే, హాకీ కఱ్ఱ పట్టిన చేతులు వేలాది తల్లులకు పురుడు పోసినవి.

ఇంతటి క్రీడాకారిణులకు విశ్వవిద్యాలయము చూపిన చోటెట్టిది? 1919లో మాస్సీ కుటుంబపు దానముచే హార్ట్ హౌస్ అను గొప్ప భవనము తెరవబడెను. వ్యాయామశాల, ఈతకొలను, గ్రంథాలయము, నాటకశాల అన్నియు అందు కలవు. కాని అది పురుషులది. స్త్రీలకు సమాన సభ్యత్వము లభించినది 1972లోనే. విశ్వవిద్యాలయమున చేరుటకును, ఆ భవనమున చేరుటకును నడుమ ఎనుబదియెనిమిదేండ్లు గడచినవి. అదే కుటుంబపు ఆడుబిడ్డ లిలియన్ మాస్సీ దానముచే వెలసిన గృహవిజ్ఞాన భవనములో స్త్రీలకు చిన్న వ్యాయామశాల యుండెను. వంటచదువు ప్రక్కననే వారికి కసరత్తుకు చోటు దొరకినదన్నమాట.

ఆ భవనమందే ఆహార రసాయనశాస్త్రము బోధించిన క్లారా బెన్సన్ 1903లో ఆ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందిన మొదటి యిద్దఱు స్త్రీలలో నొకతె. ఈమె 1921 నుండి 1945 వఱకు స్త్రీల క్రీడాసంఘమునకు అధ్యక్షురాలై, విద్యార్థినులకు ప్రత్యేక వ్యాయామభవనము కావలెనని ఎడతెగక అడుగుచుండెను. ఆ భవనము ఆమె పేరనే 1959లో తెరవబడెను. అప్పటికామె ఉద్యోగము విరమించి పదునాలుగేండ్లయినది. బోధించుట కర్హురాలని యొప్పుకొన్న సంస్థయే ఆమె విద్యార్థినుల ఆటకు కప్పు వేయుటకు ఇంత కాలము తీసికొనెను.

స్త్రీల హాకీ 1930ల నాటి ఆర్థికమాంద్యముతోను, వెంబడించిన యుద్ధముతోను క్షీణించెను. మంచుగంటలు తగ్గినప్పుడు మొదట తొలగింపబడినవారు స్త్రీలే. 1955-56 శీతకాలమున టొరంటో బాలిక అబిగెయిల్ హాఫ్‌మన్ జుట్టు కత్తిరించుకొని బాలుర జట్టులో ఆడెను. జన్మపత్రము చూచినప్పుడు గాని సంగతి బయటపడలేదు. ఆటలో కనబడని భేదము కాగితములో కనబడెను! ఆ బాలికయే పెరిగి నాలుగు ఒలింపిక్ క్రీడలలో పరుగిడెను.

మఱి ముప్పదియేండ్లకు జస్టిన్ బ్లేనీ యను పండ్రెండేండ్ల బాలిక బాలుర జట్టునకు ఎన్నికయైనను ఆడనీయబడక న్యాయస్థానమునకెక్కెను. లింగభేదము కూడదన్న ఒంటారియో శాసనమే క్రీడలకు మినహాయింపు నిచ్చియుండెను. ఆ మినహాయింపు రాజ్యాంగ విరుద్ధమని 1986లో ఒంటారియో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. తరువాత బ్లేనీ టొరంటో విశ్వవిద్యాలయమున చేరి, స్త్రీల జట్టులో ఆడెను. కాని 1993లో వ్యయము తగ్గింపవలెనను పేరున ఆ జట్టునే రద్దుచేయు ప్రతిపాదన వచ్చెను. అంతకు పూర్వము ఏండ్ల తరబడి ఒంటారియోలో విజేతగా నిలిచిన జట్టది. న్యాయస్థానమున గెలిచిన యువతి చందాలు పోగుచేయుటకు వీధికెక్కవలసి వచ్చెను. పూర్వ విద్యార్థినులును తోడైరి, జట్టు నిలిచెను.

నిలిచినందుకు ఫలమేమి? ఒలింపిక్ క్రీడలలో స్త్రీల హాకీ తొలిసారి 1998లో నాగనోలో ప్రవేశింపగా, టొరంటోలో చదివిన క్రీడాకారిణులు కెనడా పక్షమున ఆడి రజతము గొనిరి. 2001లో ఈ జట్టు కెనడా విశ్వవిద్యాలయములన్నిటిలో విజేతయయ్యెను. 2002లో సాల్ట్ లేక్ నగరమున కెనడాకు స్వర్ణము దెచ్చిన గోలు కొట్టినది ఇచ్చటి విద్యార్థిని జేనా హెఫర్డ్. ఆమెతో ఆడిన మఱియొక పూర్వ విద్యార్థిని విక్కీ సునొహారా 2011లో ఈ జట్టునకే శిక్షకురాలిగా వచ్చెను. 1993లో లెక్కలపుస్తకమున ఒక గీత గీసియుండినచో ఈ పరంపర తెగియుండెడిది.

చూచువారు తక్కువైన ఆటకు ధనమేల యని కొందఱు వాదింతురు. ఈ వాదము ఫలమును చూపి విత్తును నిందించుట. ప్రొద్దుపోయిన వేళ గంటలిచ్చి, వార్త ప్రకటింపక, పిమ్మట ఎవరును రాలేదని చెప్పుట న్యాయమగునా? నీరు పోయని చెట్టు కాయలేదని కొట్టివేయుదుమా?

దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని మన పెద్దల సామెత. తీర్మానము, శాసనము, న్యాయస్థానపు తీర్పు ఇవి దేవుని వరములు. గది, గంట, ధనము పూజారి చేతిలోనివి. మన బాలికలను కళాశాలలకు పంపు తల్లిదండ్రులు ప్రవేశము లభించినదని తృప్తిపడుదురు. అచ్చట ఆటస్థలము కలదా, ఏ వేళ ఎవరికిత్తురు, దానికై ఎంత వెచ్చింతురు అని అడుగువారెందఱు? అడుగుట మర్యాద కాదనుకొనుటచేతనే క్లారా బెన్సన్ వంటివారు ఇరువదినాలుగేండ్లు ఒంటిగా అడుగవలసి వచ్చును. ప్రతి యింటినుండి ఆ ప్రశ్న వెళ్ళినచో సమాధానమునకు అంత కాలము పట్టదు.