పెళ్ళికూతురి ఈడు

రామతీర్థంలో సీతారాముల కల్యాణం చూసి, తలంబ్రాలు కొంగున ముడేసుకొస్తాం. ఆ పక్క విజయనగరంలోనే గురజాడవారి ‘కన్యాశుల్కం’ పుట్టింది. ముసలి లుబ్ధావధాన్లు పెళ్ళి సరదాకి కడుపుబ్బ నవ్వుతాం. కొత్త పెళ్ళికూతురు ఆడవేషం కట్టిన కుర్రాడాయె!

1897 నాటి ముందుమాట చదివితే మాత్రం నవ్వు రాదు. ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ శుల్కవివాహాలు లెక్క రాయిస్తే 1,034 తేలాయట. అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు. ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు! ఉయ్యాల్లో పిల్లకి సంసారమేమిటమ్మా?

ఇక బతుకులో ఏముందిలే అని మనకి నలభైలో అనిపిస్తుంది. బుచ్చమ్మకి పడుచుదనంలోనే ఆ గతి పట్టింది. 1909 కూర్పులో సౌజన్యారావు పంతులుగారు ఆమెని పూనా వితంతు శరణాలయానికి, చదువుకోడానికి పంపిస్తారు.