నమ్మినబంటు పక్కన కర్ర ఇల్లు

అమెరికా వెళ్ళొచ్చానని తెలియగానే అందరూ అడిగే మొదటి మాట, "ఆకాశాన్నంటే మేడలు చూశావా?" అని. చూశాను. చూసి మరిచిపోయాను కూడా. అదేవిటో, ఇప్పటికీ కళ్ళముందు మెదిలేది మాత్రం ఒక కర్ర ఇల్లు!

డెన్వర్‌లో వున్న మా చెల్లెలు నన్ను ఎల్లోస్టోన్ పార్కుకి తీసుకెళ్ళింది. పార్కంటే నాలుగు బెంచీలూ, రెండు ఉయ్యాలలూ వుండే తోట అనుకునేరు. 1872లో అక్కడి ప్రభుత్వం జాతీయోద్యానంగా ప్రకటించిన పెద్ద కొండల సీమ అది. అక్కడ ఒకచోట దాదాపు గంటన్నరకోసారి భూమిలోంచి మరిగే నీళ్ళు ధారగా పైకి చిమ్ముతాయి. దాని పేరు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్. మన మాటలో చెప్పుకోవాలంటే నమ్మినబంటు! ఆ బంటు పక్కనే వుంది ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ అనే బస.

"ఇక్కడ గది దొరకాలంటే నెలల ముందే చెప్పుకోవాలక్కా" అంది చెల్లెలు గర్వంగా. తీరా చూస్తే గదిలో టీవీ లేదు, ఏసీ లేదు. స్నానాలగది నడవా చివర, నలుగురికీ కలిపి.

"దీనికా ఇంత డబ్బు తగలేశావు?" అన్నాను.

కానీ ఆ తరువాత హాలు మధ్యకొచ్చి తలెత్తి చూశాక నా నోరు పెగల్లేదు. 76 అడుగుల ఎత్తున ఇంటికప్పు. చుట్టూ అంతస్తులు అంతస్తులుగా వసారాలు. వాటికి ఊతంగా వంకర కొమ్మలు. మన వడ్రంగికి చూపిస్తే "పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరావమ్మా" అని అవతల పడేసే కొమ్మలే అవి. ఆ వంకరలనే ఏరి తెచ్చి అందం చేశారు. మధ్యలో 500 టన్నుల రాతితో లేపిన చలిమంట పొయ్యి.

దీన్ని ఊహించినవాడు రాబర్ట్ రీమర్ అనే ముప్పయ్యేళ్ళ కుర్రాడు. ఆ చుట్టుపక్కల అంతకుముందున్న హోటలు 1894లో కాలి బూడిదైంది. కర్ర కాలిపోయిన చోట మళ్ళీ కర్రతోనే కట్టడానికి ఎంత ధైర్యం కావాలి! రైలు కంపెనీ అప్పిచ్చింది. 1903లో, మంచు పేరుకుపోయే ఆ కొండల్లో పని మొదలెట్టి, 1904 జూన్‌కల్లా తలుపులు తెరిచారు. దుంగలు ఆ అడవివే, రాళ్ళు ఆ నేలవే. కానీ మొదటిరోజునుంచే కరెంటు దీపాలున్నాయి సుమా! పల్లెటూరి చీర కట్టుకున్న పట్నం పిల్ల అన్నమాట. చూడ్డానికి అడవిలో తానే మొలిచినట్టుండే ఈ తీరు తరువాత అమెరికాలోని మరెన్నో కొండ పార్కుల కట్టడాలకి ఒరవడి అయింది.

"నూట ఇరవయ్యేళ్ళ ఇల్లు కూడా ఒక పాత ఇల్లేనా? మన గుళ్ళు వెయ్యేళ్ళవి కదా" అంటారు మీరు. నేనూ అదే అన్నాను. కానీ ఆలోచించండి. రాతిగుడి ఎవరూ పట్టించుకోకపోయినా కొన్నాళ్ళు నిలబడుతుంది. కర్ర ఇల్లు అలా కాదు. ఏడాది అలక్ష్యం చేస్తే అలిగి కూర్చుంటుంది. ఇన్నేళ్ళు నిలిచిందంటే, ఇన్నేళ్ళూ ఎవరో ఒకరు దాన్ని కనిపెట్టుకుని వున్నారన్నమాట.

1959 ఆగస్టు 17 రాత్రి పెద్ద భూకంపం వచ్చింది. భోజనాలగది పొగగొట్టం కూలింది. ఇల్లు మాత్రం నిలిచింది. కప్పుకి దగ్గరగా 'కాకిగూడు' అనే చిన్న అరుగుంది. ఒకప్పుడు సంగీతం వాళ్ళు అక్కడ కూర్చుని వాయిస్తే కింద జనం నాట్యం చేసేవారట. భూకంపం తరువాత అక్కడికి అతిథుల్ని ఎక్కనివ్వడం మానేశారు. ఇల్లు కాపాడటమంటే ఒక్కోసారి ఒక ముచ్చట మానుకోవడం కూడా.

1987లో ఆ ఇంటికి జాతీయ చారిత్రక కట్టడమనే బిరుదొచ్చింది. మరుసటేడు, 1988 సెప్టెంబరు 7న, కార్చిచ్చు దాని వాకిట్లోకొచ్చింది. నిప్పురవ్వలు చెక్కపెంకుల మీద వానలా పడుతున్నాయి. అప్పుడు బిరుదు అడ్డం పడలేదండీ! అంతకు కొద్దికాలం ముందే ముందుచూపుతో కప్పుమీద అమర్చిన నీటిగొట్టాలు అడ్డుపడ్డాయి. వాటితో ఇంటికప్పుని తడుపుతూనే వున్నారు. అగ్నిమాపకదళం పోరాడింది. చివర్లో గాలి కూడా దయతలచి పక్కకి తిరిగింది. చుట్టుపక్కల చిన్న కట్టడాలు కొన్ని కాలిపోయాయి గానీ పెద్ద ఇంటికి ఏమీ కాలేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. గోదావరి ఒడ్డున మా అమ్మమ్మగారి మండువా ఇల్లు గుర్తొచ్చింది. టేకు స్తంభాలు, నేనూ చెల్లెలూ దాగుడుమూతలాడిన చావడి. నేను బయల్దేరేముందు తమ్ముడు, "చెదలు పట్టేసిందక్కా. స్తంభాలకి బేరం వచ్చింది, ఇచ్చేద్దాం" అన్నాడు. "నీ ఇష్టంరా" అనేశాను. పదేళ్ళుగా ఆ ఇంటి గుమ్మం తొక్కనిదాన్ని, వద్దనడానికి నాకేం మొహముంది? 'మా అమ్మమ్మగారి ఇల్లు' అని కథల్లో రాసుకుని మురిసిపోయానే గాని, ఒక్క పెంకు మార్పించానా?

తెల్లారి, నమ్మినబంటు ఆకాశంలోకి చిమ్ముతుండగా తమ్ముడికి ఫోన్ చేశాను.

"బేరం కాస్త ఆపరా. ముందు వడ్రంగిని పిలిచి ఏ స్తంభం గట్టిగా వుందో చూపించు. వానలు పడకముందే పెంకులు సర్దించు. డబ్బు నేను పంపుతాను."

"ఇవాళ సర్దించినా మళ్ళీ ఏడాదికి సర్దించాలి కదక్కా" అన్నాడు వాడు.

"అవునురా, మళ్ళీ ఏడాదికీ సర్దిద్దాం" అన్నాను.