దృష్టిలోపం గల పిల్లల ఆత్మగౌరవం: తల్లిదండ్రుల వైఖరి

ఆత్మగౌరవం అంటే తన యోగ్యతను గురించి మనిషి తానే ఏర్పరచుకునే అంచనా. చూపు లేని పిల్లలు, మందదృష్టితో పెరిగే పిల్లలు ఈ అంచనాకు తొలి ఆధారాలను తల్లిదండ్రుల మాట నుంచి, స్పర్శ నుంచి, తమకు అప్పగించే పనుల నుంచి పొందుతారు కనుక, లోపం తీవ్రతతో పాటు దానిని ఇంట్లోవారు ఎలా స్వీకరించారన్నది కూడా వారి వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దుతుంది.

శైశవంలోనే ఈ ప్రభావం మొదలవుతుంది. చూపు కలపని బిడ్డ తనను గుర్తించడం లేదని తల్లి నొచ్చుకుని దూరమయ్యే ప్రమాదం ఉంది. ముఖంలో కనిపించని ఆసక్తి బిడ్డ చేతి కదలికల్లో వ్యక్తమవుతుందని, దానిని గ్రహించడం తల్లులకు నేర్పవచ్చని మనోవిశ్లేషకురాలు సెల్మా ఫ్రైబర్గ్ 1977లో వెలువరించిన గ్రంథంలో వివరించారు.

అంధ కిశోరులపై 1944లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో వీటా స్టెయిన్ సోమర్స్ తల్లిదండ్రుల వైఖరులను ఐదుగా వర్గీకరించారు. అవి అంగీకారం, లోపం ఉన్నదనే ఒప్పుకోని నిరాకరణ, అతిసంరక్షణ, పైకి తెలియనీయని ప్రచ్ఛన్న తిరస్కారం, బాహాటమైన తిరస్కారం. ప్రేమ రూపంలోనే ఉంటుంది కాబట్టి అతిసంరక్షణ వల్ల కలిగే హానిని గుర్తించడం కష్టం. ఎదిగిన బిడ్డకు కూడా అన్నం కలిపి ముద్దలు పెట్టడం, చొక్కా గుండీలు తామే పెట్టడం, చుట్టాలు బిడ్డను పేరడిగితే తల్లే జవాబు చెప్పడం ఏళ్ల తరబడి సాగితే, తనకేదీ చేతకాదన్న నమ్మకం బిడ్డలో పాతుకుపోతుంది. నిరాకరణ ఇందుకు భిన్నంగా, చూపున్నవారి పద్ధతిలోనే అన్నీ చేయాలని పట్టుబట్టి, ప్రతి తడబాటునూ ఓటమిగా మారుస్తుంది.

అంగీకారం అంటే జాలి కాదు. చూపున్న బాలురను పరిశీలించిన మనస్తత్వవేత్త స్టాన్లీ కూపర్‌స్మిత్ 1967లో ఆత్మగౌరవానికి పునాదులుగా పేర్కొన్న ఆదరణ, స్పష్టమైన హద్దులు, ఆ హద్దుల్లో స్వేచ్ఛ అనే మూడూ దృష్టిలోపం గల పిల్లలకూ అవసరమే. ఉదాహరణకు, మూడేళ్ల వయసులో తండ్రి దుకాణంలోనే కంటికి గాయమై, క్రమంగా రెండు కళ్లూ కోల్పోయిన కుమారుణ్ణి ఫ్రాన్స్‌లో జీనుల తయారీదారు సిమోన్ రెనే బ్రెయిలీ ఇంటికే పరిమితం చేయక ఊరి బడికి పంపించాడు. ఆ బాలుడే తర్వాత బ్రెయిలీ లిపిని రూపొందించిన లూయీ బ్రెయిలీ.

తెలుగు కుటుంబాల్లో లోపాన్ని పూర్వజన్మ కర్మగా భావించడం, తల్లిని నిందించడం తల్లిదండ్రుల అపరాధభావాన్ని పెంచి, అతిసంరక్షణకో తిరస్కారానికో దారితీయవచ్చు. అందువల్ల పిల్లల శిక్షణతో పాటు తల్లిదండ్రులకు సలహా, సాంత్వన కూడా అందాలి. నిర్దేశిత స్థాయి వైకల్యం గల 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు సమీప పాఠశాలలోనో, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనో ఉచితంగా చదివే హక్కును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కల్పించింది. ఆ హక్కు ఫలించాలంటే బిడ్డ చదవగలదన్న నమ్మకం ముందుగా ఇంట్లో ఏర్పడాలి.