తల్లికి షుగర్ ఉంటే పుట్టిన బిడ్డకు షుగర్ ఎందుకు పడిపోతుంది?

గర్భంతో ఉన్నప్పుడు తల్లికి షుగర్ వస్తే బిడ్డకూ షుగర్ జబ్బు ఉంటుందని చాలామంది భయపడతారు. నిజానికి పుట్టిన తొలి గంటల్లో ఉండే ప్రమాదం వేరు. బిడ్డ రక్తంలో చక్కెర పడిపోవచ్చు.

కారణం ఏమిటి?
తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. దాన్ని అదుపు చేయడానికి బిడ్డ శరీరమే ఇన్సులిన్ ఎక్కువగా తయారు చేసుకుంటుంది. బొడ్డుతాడు కోయగానే గ్లూకోజ్ ఆగిపోతుంది, ఇన్సులిన్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది.

గుర్తులు
వణుకు, పాలు సరిగా తాగకపోవడం, మగతగా ఉండడం, ఒళ్లు చల్లబడడం, ఫిట్స్. ఒక్కోసారి ఏ గుర్తూ కనిపించదు. అందుకే మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షిస్తారు. చక్కెర బాగా పడిపోయి అలాగే ఉండిపోతే మెదడు దెబ్బతినవచ్చు.

ఏం చేయాలి?
* పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. తర్వాత 2–3 గంటలకోసారి ఇవ్వాలి.
* బిడ్డను తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచాలి.
* తేనె, ఘుట్టీ, చక్కెర నీళ్లు వద్దు. పెద్దలు వచ్చేదాకా తల్లిపాలు ఆపవద్దు.
* పాలతో చక్కెర పెరగకపోతే డాక్టర్లు సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కిస్తారు.

షుగర్ ఉన్న గర్భిణులు పసిబిడ్డల వైద్యం ఉన్న చోటే కాన్పుకు ముందుగా ఏర్పాటు చేసుకోవాలి. బత్తలపల్లి చుట్టుపక్కల వాళ్లకు ఆర్‌డీటీ ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది. కాన్పు గదిలోకి వెళ్లగానే "నాకు షుగర్ ఉంది" అని నర్సుకు చెప్పండి. కాన్పయిన 6 వారాలకు తల్లి కూడా మళ్లీ షుగర్ పరీక్ష చేయించుకోవాలి.