ఆదవాని నుండి బదరికి

గుండ్రాళ్ల గుట్టలను, నల్లరేగడి చేలను, కురియక కదలిపోవు మబ్బులను నిత్యము చూచుచుండు ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములవారికి మంచు అనునది మాఘమాసపు వేకువల తప్ప కంటబడునది కాదు. అయినను హిమవంతము వారి మనస్సులకు దూరము కాలేదు. కారణము తుంగభద్రాతీరమందలి మంచాల, అనగా నేటి మంత్రాలయము. ఆదవాని పాలకుడు సిద్ది మసూద్ ఖాను ఆ గ్రామము నొసగగా, రాఘవేంద్రస్వామి 1671లో అచ్చటనే బృందావనప్రవేశము చేసిరి. వారి మధ్వసంప్రదాయమునకు హిమవంతమందలి బదరి పరమపవిత్రము. మధ్వాచార్యులు అచ్చటి కేగి వ్యాసదర్శనము చేసిరని సుమధ్వవిజయము చెప్పును.

కాశీకి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమనుకొను కాలమున బదరి మాట చెప్పనేల! 1871లో మద్రాసు–బొంబాయి రైలుమార్గము ఆదవాని మీదుగా పూర్తియై, 1886లో హరిద్వారమునకును పట్టాలు చేరిన పిమ్మట నెలల ప్రయాణము దినములకు దిగెను. ఆ పైన మాత్రము నడకయో, డోలీయో శరణ్యము. మోటారుబండి బదరి వాకిటికి వచ్చుట 1960ల నాటి ముచ్చట.

బదరి ఆలయమునకు వెనుక 6,596 మీటర్ల నీలకంఠ శిఖరము ప్రాతఃకాలమున బంగారువన్నె దాల్చి, ఎండ ముదిరినకొలది తెల్లబడును. పత్తివ్యాపారపు ఊరివాడు దానిని ఏకిన దూదికుప్ప యనుకొన్నచో నేను తప్పుపట్టను. అలకనందకు పుట్టినిండ్లయిన సతోపంథ్, భగీరథ్ ఖరక్ హిమానీనదములు మాత్రము తుదిభాగమున మట్టిరాళ్లతో కప్పబడి, మన గుట్టల పాదములనే తలపించును.

శీతకాలమున ఆఱునెలలు ఆ ఆలయపు తలుపులు మూయబడియుండును.