ఆంధ్రదేశమున గ్రంథసంచారము – శిశుపాఠకుడు

మన గ్రంథాలయోద్యమ చరిత్రకారులు సామాన్యముగ సభలను, భవనములను, శాసనములను ఆధారముగ గొనిరి. ఆ చరిత్రనే వేరొక దృష్టితో పరిశీలింపవచ్చును. పుస్తకము పాఠకుని కడకు ఎంతదూరము నడచివచ్చినది? ఈ ప్రశ్నతో చూచినచో, ఇంకను బడికి పోని శిశువే ఆ త్రోవలో కడపటి మజిలీ యనియు, అచ్చటికి మన ఉచిత గ్రంథము చేరలేదనియు తేటపడును.

తొలి మజిలీలలో నొకటి విశాఖపట్టణము. 1886లో మంతిన ఆదినారాయణమూర్తిగారు అచ్చట సరస్వతీనిలయమును నెలకొల్పిరి. అది చదువరి తానుగ వెదకికొని పోవలసిన చోటు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతన గ్రంథాలయ మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషితో పుస్తకము పల్లెలకు సాగెను. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి నుండి నడపిన పడవ గ్రంథాలయము కాలువవెంట గ్రామములకు పుస్తకములను గొనిపోయెను. అయినను అవి చదివి తిరిగి ఈయవలసిన పుస్తకములే.

ఇంటి గడప దాటినది తపాలాలో వచ్చిన పత్రిక. 1945లో న్యాపతి రాఘవరావు దంపతులు ప్రారంభించిన ‘బాల’, 1947 జూలైలో వెలువడిన ‘చందమామ’ బిడ్డలకు సొంతమైన సంచికల నిచ్చెను. కాని చందా కట్టగల యిండ్లకే ఆ భాగ్యము. గ్రంథాలయమున ఉచితము గలదు, సొంతము లేదు. పత్రికయందు సొంతము గలదు, ఉచితము లేదు.

ఈ రెంటిని కలిపిన పద్ధతి 1995లో అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రమున, సెవియర్ కౌంటీలో ఆరంభమయ్యెను. చదువను వ్రాయను రాని తండ్రిని దలచి గాయని డాలీ పార్టన్ దానిని స్థాపించెను. పుట్టినది మొదలు అయిదేండ్లు నిండువరకు నెలకొక పుస్తకము బిడ్డ పేరనే తపాలాలో వచ్చును. ఇంటి యాదాయమును అడుగరు. బిడ్డలను నమోదుచేయు భారము స్థానిక సంఘములది. ఇప్పటికి 20 కోట్లకు మించిన పుస్తకములు ఇట్లు పంపబడినవి.

ఈ పద్ధతి మనకేల యనువారు మల్కాపురము వంటి చోటును చూడవలెను. 1941లో శంకుస్థాపన జరిగిన నౌకానిర్మాణశాల, 1957లో పని నారంభించిన చమురుశుద్ధి కర్మాగారము దాని పరిసరములను శ్రామికవాడగ మార్చినవి. షిఫ్టులలో పనిచేయు తండ్రికి గ్రంథాలయవేళలు కుదరవు. తపాలాబంట్రోతు మాత్రము ప్రతి యింటికి వచ్చును.

ధనమెక్కడిది? 1960 నాటి గ్రంథాలయ శాసనము ననుసరించి ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల సెస్సు వసూలగుచున్నది. 2025 మే 1న తపాలాశాఖ ప్రారంభించిన ‘జ్ఞాన్ పోస్ట్’ క్రింద 300 గ్రాముల లోపు పుస్తకమునకు రుసుము, పన్నులు గాక, 20 రూపాయలు. నెలకొకటి చొప్పున అయిదేండ్లకు 60 పుస్తకములు. తపాలా వ్యయము 1200 రూపాయలు. పుస్తకముల వెల వేరు.

ఉచితముగ వచ్చినదానికి విలువ యుండదను ఆక్షేపణ కలదు. ఉచిత గ్రంథాలయములను నెలకొల్పిన మన పెద్దలు ఆ మాటను మన్నింపలేదు. అంతకంటె గట్టి చిక్కు వేరొకటి: అయిదేండ్ల లోపువారికి, ఉత్తరాంధ్ర తల్లి తన నుడికారముతో చదివి వినిపింపదగిన తెలుగు పుస్తకములు అరువది సమకూర్చవలెను. ఆ పని తపాలాశాఖది కాదు, తెలుగు శాఖలది. సెస్సు ప్రతి యింటినుండియు పోవుచున్నది. పుస్తకము ప్రతి యింటికిని తిరిగివచ్చిననాడే 1886లో బయలుదేరిన ఆ నడక పూర్తియగును.