పండుగ కార్డులు: మెట్ట కృష్ణా కుటుంబచరిత్రకు ఆధారాలు

సామాన్య కుటుంబాలకు శాసనాలు లేవు, కైఫీయతులు లేవు. భూమి దస్తావేజులలో కనిపించేవి ఎక్కువగా పురుషుల పేర్లే. ఆడపడుచు పుట్టింటికి ఎప్పుడు వచ్చింది, ఏ పండుగకు ఎందుకు రాలేకపోయింది అన్న విషయాలకు చాలా ఇళ్లలో మిగిలిన లిఖితాధారం పోస్టుకార్డు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల నేపథ్యంలో పండుగ కార్డులను చరిత్రాధారాలుగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1869లో ఆస్ట్రియా-హంగరీలో మొదలైన పోస్టుకార్డు 1879 జులై 1న భారతదేశంలో అమలులోకి వచ్చింది. వెల పావు అణా. ఐరోపాలో విహారయాత్రికులు బొమ్మకార్డులు పంపేవారు. మద్రాసులో హిగిన్‌బాథమ్స్ సంస్థ కూడా అటువంటివి ప్రచురించింది. మెట్ట పల్లెలకు సెలవంటే పండుగ: సంక్రాంతికి అల్లుని రాక, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లు, వేదాద్రి నరసింహస్వామి దర్శనం. విహారపు కార్డు తాను చూసినది చెబుతుంది. ఇక్కడి సాదా కార్డు బంధువును రమ్మని పిలుస్తుంది.

వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తండ్రి పేర వెలసిన జగ్గయ్యపేట నైజాం సరిహద్దు పట్టణం. 1950 వరకు నైజాం రాజ్యానికి సొంత తపాలా వ్యవస్థ ఉండేది. అందువల్ల కార్డుపై బిళ్ల, తపాలా ముద్ర వియ్యాలు ఎంత దూరం సాగాయో తెలుపుతాయి. తేదీ లేని కార్డుల కాలనిర్ణయానికీ ఇవే ఆధారం. వెల నయా పైసలలో ఉంటే ఆ కార్డు ముద్రణ 1957 నాటి దశాంశ నాణేల సంస్కరణకు సంబంధించినది; చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే రాత 1972 ఆగస్టు 15 తరువాతిది. అయితే పాత కార్డుకు అదనపు బిళ్ల అంటించి వాడే అవకాశం ఉన్నందున ముద్రణకాలాన్నే రచనాకాలంగా భావించరాదు.

కార్డు బహిరంగ లేఖ. తపాలా బంట్రోతు, ఇరుగుపొరుగు ఎవరైనా చదవవచ్చు. 'ఉభయకుశలోపరి' అన్న సంప్రదాయ వాక్యం వెనుక కుటుంబకలహం, అప్పు, అనారోగ్యం దాగి ఉండవచ్చు. చదువురాని స్త్రీ మాటను మరొకరు రాసినప్పుడు ఆ గొంతు మరింత మరుగున పడుతుంది. 'పనులు తెమలలేదు, అమ్మాయిని పై పండుగకు పంపుతాము' వంటి వాక్యం ఎదురైతే ఆ పనులు కోతలా, మిరప కల్లమా, లేక అత్తింటి అయిష్టమా అని పరిశోధకుడు ప్రశ్నించుకోవాలి. ఒక్క కార్డు దీనికి సమాధానం చెప్పదు. ఆ ఇంటి కార్డుల వరుస చెప్పగలదు.

ఆ వరుసలోనూ ఒక లోపం ఉంది. మూలలకు పసుపు పూసిన శుభలేఖను ఇనుప తీగకు గుచ్చి దాచారు. మరణవార్త తెచ్చిన కార్డును చదివిన వెంటనే చించివేశారు. కనుక మిగిలిన కార్డులు మంచిరోజుల వైపే మొగ్గుతాయి. ఆ తీగలపై సంతోషమే కనిపించినంత మాత్రాన దుఃఖం లేదని నిర్ధారించరాదు.

2022లో ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. పాత ఇళ్లతోపాటు ఉత్తరాల తీగలూ కనుమరుగవుతున్నాయి. సేకర్తలు అందమైన కార్డులను ఏరుకొనక, ఒక ఇంటి తీగను అదే వరుసలో భద్రపరచి, రాసినది ఎవరో, రాయించినది ఎవరో ఆ ఇంటి పెద్దలను అడిగి నమోదు చేయాలి. ఆ వివరం చెప్పగలవారు ఉండగానే ఈ పని జరగవలసి ఉంది.